ఎనభై దాటాక ప్రతిపక్షం

ఎన్నికలు సక్రమంగానే జరుగుతుంటాయి. జనం బారులు తీరి ఓట్లు వేస్తూనే ఉంటారు. పత్రికలు వస్తుంటాయి, కోర్టులు పనిచేస్తుంటాయి. కాని ఎన్నిసార్లు పెట్టెలు తెరిచినా గెలిచేది ఒకటే పార్టీ. అటువంటి దేశంలో రాజకీయ స్వేచ్ఛ ఉన్నట్టా, లేనట్టా?

రాజనీతిశాస్త్రం పాఠం చెప్పినన్నాళ్ళూ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. క్లాసులో ఇది వచ్చిందంటే చాలు, బెంచీలు రెండు పక్షాలైపోయేవి. ప్రజలు కోరి ఎన్నుకుంటూంటే మధ్యలో అభ్యంతరం చెప్పటానికి మనం ఎవరం అని కొందరు. ఓటమి ఎరగని ప్రభుత్వానికీ, సింహాసనం మీద రాజుకీ తేడా ఏమిటని మరికొందరు. రెండు పక్షాల్లోనూ ఎంతో కొంత న్యాయం ఉంది. అందుకే ఈ సంచికకి ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, సిద్ధాంతాల జోలికి పోకుండా, ఈ ప్రశ్నకి రెండు వైపులా నిలబడి చూసిన ఒక మనిషి కథ చెబుదామనుకున్నాను. ఆయన చక్రవర్తి రాజగోపాలాచారి. మన పెద్దవాళ్ళ నోట రాజాజీ.

ఆంధ్రులకి ఆయనంటే పెద్ద ప్రేమ ఉన్నట్టు నాకెప్పుడూ కనపడలేదు. ప్రకాశం పంతులుగారికి ప్రత్యర్థి అని ఒక కోపం, పొట్టి శ్రీరాములుగారు ప్రాణత్యాగం చేసిన నాడు మద్రాసు ముఖ్యమంత్రి ఆయనే గదా అని మరొక కోపం. ఆ కోపాలు అలాగే ఉండనివ్వండి. నేను ఆయనకి హారతి పట్టటానికి ఇది రాయటం లేదు. ఒకే పార్టీ పాలనలోని సుఖమూ, దాని ప్రమాదమూ రెండూ ఆయన జీవితంలో కనపడ్డట్టు మరొకరి జీవితంలో కనపడవు. నాకు కావలసింది అది.

ఆయన 1878 డిసెంబరు 10న సేలం జిల్లా తొరపల్లిలో పుట్టారు. హోసూరు దగ్గర ఊరది. తమిళం, తెలుగు, కన్నడం మూడూ కలిసే చోటు. తండ్రి ఆ ఊరి మునసబు. హోసూరులో, బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదివి, మద్రాసులో లా పూర్తిచేసి, 1900లో సేలంలో ప్లీడరుగా బోర్డు కట్టారు. ప్రాక్టీసు బాగానే సాగింది. 1917లో సేలం మునిసిపాలిటీకి చైర్మన్ అయ్యారు. 1919లో మద్రాసుకి మకాం మార్చారు. ఆ సంవత్సరమే గాంధీగారు మద్రాసు వచ్చి ఆయన ఇంట్లో దిగారు. దేశమంతటా హర్తాళ్ జరిపించాలన్న ఆలోచన గాంధీగారికి తట్టింది ఆ ఇంట్లోనే. అక్కణ్ణించి రాజాజీ జీవితం దారి మళ్ళింది. ప్లీడరీ పోయింది, జైలు వచ్చింది.

1921 డిసెంబరులో మొదటిసారి వెల్లూరు జైలుకి వెళ్ళారు. శిక్ష మూడు నెలలు. ఆ మూడు నెలలూ డైరీ రాసుకున్నారు. స్వరాజ్యం కోసం జైలుకెళ్ళినవాళ్ళు మామూలుగా స్వరాజ్యం వస్తే పాలూ తేనే ప్రవహిస్తాయని రాసుకుంటారు. ఈయన అలా రాయలేదు. స్వరాజ్యం వచ్చిన వెంటనే మంచి ప్రభుత్వం వస్తుందనుకోవద్దని, ఎన్నికలూ వాటి వెంట వచ్చే అవినీతి, అన్యాయం, ధనబలం, పరిపాలనలో చేతకానితనం కలిసి బతుకుని నరకం చేస్తాయని 1922 జనవరిలోనే రాసిపెట్టుకున్నారు. అప్పటికి స్వాతంత్ర్యం పాతికేళ్ళ దూరంలో ఉంది. ఇంగ్లీషువాళ్ళతో పోట్లాడుతున్న మనిషి, గెలిచిన తరువాత తనవాళ్ళే ఏమవుతారో అప్పుడే ఊహించాడన్నమాట. ఆ డైరీ సంగతి గుర్తుంచుకోండి. తరువాత పనికొస్తుంది.

1930లో గాంధీగారు దండికి నడిస్తే ఈయన తిరుచ్చి నుంచి వేదారణ్యానికి నడిచారు. మళ్ళీ జైలు. 1937లో ఎన్నికలు జరిగాయి. మద్రాసు అసెంబ్లీలో 215 స్థానాలకి 159 కాంగ్రెసువి. రాజాజీ ప్రీమియర్ అయ్యారు. మన ప్రకాశం పంతులుగారు రెవెన్యూ మంత్రి, వి.వి. గిరిగారు కార్మిక మంత్రి. ఆ రెండేళ్ళ పాలనలో మంచి పనులు లేకపోలేదు. సేలం జిల్లాలో మద్యనిషేధం, రైతులకి రుణవిమోచన చట్టం, దేవాలయ ప్రవేశం, ఇవన్నీ అప్పటివే. జైలు నుంచి వచ్చినవాళ్ళు ప్రభుత్వం కూడా నడపగలరని దేశానికి చూపించిన మంత్రివర్గం అది.

కాని ఆ పాలనలోనే మరో సంగతి జరిగింది. 1938లో కొన్ని హైస్కూళ్ళలో హిందీ నిర్బంధం చేశారు. తమిళ ప్రాంతంలో పెద్ద ఆందోళన లేచింది. వెయ్యిమందికి పైగా జైళ్ళకి వెళ్ళారు. పెరియార్ వెళ్ళారు. నటరాజన్, తాళముత్తు అని ఇద్దరు జైలుకి వెళ్ళి, 1939లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. వీళ్ళని అరెస్టు చెయ్యటానికి వాడిన చట్టం ఏదో తెలుసా? కాంగ్రెసువాళ్ళని అరెస్టు చెయ్యటానికి ఇంగ్లీషు ప్రభుత్వం తెచ్చిన క్రిమినల్ లా సవరణ చట్టమే. నిన్నటిదాకా ఏ చట్టాన్ని నల్లచట్టమని తిట్టారో, కుర్చీ ఎక్కగానే అది చేతికి ఇంపుగా అమిరింది. రాజాజీ దుర్మార్గుడు కాదు. ఆయన నిజాయితీని ఆయన శత్రువులు కూడా శంకించలేదు. నేననేది అదే. మంచివాడి చేతిలో కూడా, అడ్డుచెప్పే బలం ఎదురుగా లేనప్పుడు, అధికారం ఇలాగే పనిచేస్తుంది. 215లో 159 ఉన్నవాడికి ఎదుటివాడి మాట వినవలసిన అవసరం ఏముంది?

1942లో కథ తిరగబడింది. క్విట్ ఇండియా తీర్మానం పొరపాటని, ముస్లిం లీగుతో రాజీ పడక తప్పదని ఆయన అన్నారు. కాంగ్రెసులో ఎవరికీ రుచించలేదు. ఊరుకోలేదాయన. కాంగ్రెసుకి, శాసనసభ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చి బయటికి వచ్చేశారు. ద్రోహి అన్నారు. మీటింగుల్లో గోల చేశారు. దేశమంతా ఒక వైపు ఉన్నప్పుడు తానొక్కడే మరొక వైపు నిలబడటం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది ఆయనకి. ఆయన అభిప్రాయం తప్పో ఒప్పో నేటికీ వాదించుకోవచ్చు. ఏకాకి కావటానికి భయపడని గుణం మాత్రం అప్పుడు బయటపడింది.

తరువాత మళ్ళీ పెద్దరికం దక్కింది. 1947లో పశ్చిమ బెంగాల్ గవర్నరు. 1948 జూన్ నుంచి 1950 జనవరి 26 దాకా గవర్నర్ జనరల్. ఆ పదవిలో కూర్చున్న భారతీయుడు ఆయన ఒక్కడే. పటేల్ మరణించాక కేంద్ర హోంమంత్రి. 1951 చివర్లో అన్నీ వదులుకుని మద్రాసు వచ్చేశారు, ఇక చదువుకోవటం, రాసుకోవటం అని.

వచ్చింది 1952. మొదటి సార్వత్రిక ఎన్నికలు. ఉమ్మడి మద్రాసు శాసనసభలో 375 స్థానాలుంటే కాంగ్రెసుకి వచ్చినవి 152. మెజారిటీ లేదు. కమ్యూనిస్టులు 62 గెలుచుకున్నారు. ప్రకాశం పంతులుగారు కాంగ్రెసు వదిలి, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో ఉండి, తాను స్వయంగా ఓడిపోయినా, కాంగ్రెసేతరులందరినీ కూడగట్టి మంత్రివర్గం తమకే ఇవ్వాలని అడిగారు. గవర్నరు శ్రీప్రకాశగారు ఏం చేశారు? ఎన్నికల్లో నిలబడనే నిలబడని రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి, ముఖ్యమంత్రిగా పిలిచారు. 1952 ఏప్రిల్ 10న ఆయన ప్రమాణస్వీకారం చేశారు. జూలైలో బలపరీక్ష జరిగితే 200 మంది అనుకూలం, 151 మంది వ్యతిరేకం. 152 కాస్తా మూడు నెలల్లో 200 అయింది! అటునుంచి ఇటు వచ్చినవాళ్ళు ఎందుకు వచ్చారో, ఏమి చూసి వచ్చారో చెప్పక్కర్లేదు. కేంద్రంలో ఆ పార్టీ, గవర్నరుని వేసేది ఆ పార్టీ, రేపు పదవులు పంచేది ఆ పార్టీ. గాలి అటు వీస్తుంటే ఆకు ఇటెలా పడుతుంది?

నా మటుకు నాకు, మన దేశంలో ఏకపార్టీ పాలన గురించి చదువుకోదలచిన విద్యార్థి మొదట చూడవలసిన ఘట్టం ఇదే. ప్రజలు కాంగ్రెసుకి మెజారిటీ ఇవ్వలేదు. అయినా కాంగ్రెసే పాలించింది. ఎక్కడా చట్టం తప్పలేదు. నామినేషన్ మీద హైకోర్టుకి వెళ్ళారు, అక్కడా నిలవలేదు. చట్టం అంతా సవ్యంగానే ఉంది, ఓటరు చెప్పిన మాట మాత్రం గాలికి పోయింది. దాని వల్ల లాభపడినవాడు, అయిదేళ్ళ తరువాత ఇటువంటి పాలన మీదే కత్తిగట్టిన ఈ రాజాజీయే.

ముఖ్యమంత్రిగా ఆహారధాన్యాల మీద కంట్రోళ్ళు ఎత్తేశారు. ఆ సాహసం ఫలించింది. 1952 డిసెంబరు 15న శ్రీరాములుగారు పోయారు. 1953 అక్టోబరు 1న మన రాష్ట్రం వేరుపడింది. ఆ ఏడే రాజాజీ పల్లెటూళ్ళ ప్రాథమిక పాఠశాలలకి ఒక కొత్త పద్ధతి పెట్టారు. పిల్లలు ఒక పూట బడికి రావాలి, రెండో పూట తల్లిదండ్రుల పని నేర్చుకోవాలి. చాకలివాడి కొడుకు చాకలివాడే కావాలా అని జనం మండిపడ్డారు. కులవిద్య అని దానికి పేరు పెట్టారు. అది న్యాయమైన కోపమే. ఆయన పట్టు విడవలేదు. చివరికి సొంత పార్టీవాళ్ళే ఎదురు తిరిగితే 1954 ఏప్రిల్‌లో దిగిపోయారు. కామరాజ్ నాడార్ వచ్చి, ఆ పద్ధతిని రద్దు చేశారు. ఆ సంవత్సరమే రాజాజీకి భారతరత్న ఇచ్చారు, మొట్టమొదటి ముగ్గురిలో ఒకరిగా. ఇక ఆయన పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. డెబ్భై అయిదేళ్ళు నిండాయి. రామాయణ భారతాలు రాసుకుంటున్నారు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

1956లో ఖాసా సుబ్బారావుగారు మద్రాసులో స్వరాజ్య అనే ఇంగ్లీషు వారపత్రిక ప్రారంభించారు. రాజాజీ అందులో ప్రతివారం రాయసాగారు. 1957లో కాంగ్రెసుతో తెగతెంపులు చేసుకున్నారు. ఆయన వాదం క్లుప్తంగా ఇది. పార్లమెంటులో పాలకపక్షానికి దీటైన ప్రతిపక్షం లేకపోతే, పాలించేవాళ్ళు ఎంత మంచివాళ్ళయినా అది ప్రజాస్వామ్యం కాదు. రెండు ఎడ్లు కట్టవలసిన బండికి ఒక ఎద్దుని కట్టి తోలితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. బండి కదులుతుంది, తిన్నగా మాత్రం పోదు.

ఈ మాటలో నిజమెంతో లెక్కలు చూస్తే తెలుస్తుంది. 1952లో లోక్‌సభలో 489 స్థానాలకి 364 కాంగ్రెసువి. వచ్చిన ఓట్లు నూటికి 45. 1957లో 494కి 371, ఓట్లు నూటికి సుమారు 48. 1962లో 494కి 361, ఓట్లు నూటికి సుమారు 45. అంటే వందమంది ఓటర్లలో యాభై అయిదుగురు వద్దన్నా, నాలుగింట మూడువంతుల స్థానాలు ఆ పార్టీకే. వద్దన్నవాళ్ళు పది పార్టీలకి చీలిపోయారు. లోక్‌సభలో అధికారికంగా గుర్తింపు పొందిన ప్రతిపక్ష నాయకుడంటూ 1969 దాకా ఎవరూ లేరు, ఏ పార్టీకీ పదోవంతు బలం లేదు కాబట్టి.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు, ఉమ్మడి సహకార వ్యవసాయం మీద తీర్మానం చేసింది. రైతుల భూములు ఒకటి చేసి సేద్యం చెయ్యాలన్న ఆలోచన అది. నిడుబ్రోలు నుంచి రైతు ఉద్యమాలు నడిపిన మన ఆచార్య రంగాగారు కాంగ్రెసు పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి పదవి వదిలేసి బయటికి వచ్చారు. 1959 జూన్ 4న మద్రాసులో స్వతంత్ర పార్టీ పెడుతున్నట్టు ప్రకటించారు. రంగాగారు అధ్యక్షుడు, మినూ మసానీ ప్రధాన కార్యదర్శి. మూలపురుషుడు రాజాజీ. అప్పటికాయనకి ఎనభై నిండి ఆర్నెల్లు. ఆ వయసులో మనవాళ్ళు కాశీయాత్ర పెట్టుకుంటారు. ఆయన ఎన్నికల యాత్ర పెట్టుకున్నారు.

ఆ పార్టీలో నాకు నచ్చని సంగతులున్నాయి. మాజీ సంస్థానాధీశులు, పెద్ద భూస్వాములు, మిల్లు యజమానులు బాగా చేరారు. భూసంస్కరణలకి వ్యతిరేకంగా నిలబడ్డారు. కూలివాడికి ఆ జెండా కింద నీడ ఉన్నట్టు కనపడదు. ధనవంతుల పార్టీ అని జవహర్‌లాల్ నెహ్రూ పక్షం వాళ్ళు ఎద్దేవా చేస్తే అందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఒక విషయంలో వాళ్ళు కొత్తదారి తొక్కారు. పార్టీ మూలసూత్రాలు ఇరవై ఒకటి. అవి తప్ప తక్కిన ఏ విషయంలోనైనా సభ్యుడు తన బుద్ధికి తోచినట్టు మాట్లాడవచ్చు, ఓటు వెయ్యవచ్చు. పార్టీ విప్ చూపుడు వేలుతో చేతులెత్తించే రోజుల్లో ఇది మాటలు కాదు.

ఇక రాజాజీ చేసిన విమర్శలో అతి ముఖ్యమైనది లైసెన్స్-పర్మిట్ రాజ్యం గురించి. ఆ పేరు పెట్టింది ఆయనే. చాలామంది దాన్ని కేవలం ఆర్థిక విషయంగా చదువుతారు. నేను రాజకీయ విషయంగా చదువుతాను. 1951 పరిశ్రమల చట్టం వచ్చాక పెద్ద ఫ్యాక్టరీ పెట్టాలంటే లైసెన్సు కావాలి. ఉన్నదాన్ని పెంచాలన్నా లైసెన్సు. విదేశాల నుంచి యంత్రం తెప్పించాలంటే పర్మిటు. ఈ కాగితాలన్నీ ఇచ్చేది ప్రభుత్వం. ప్రభుత్వమంటే ఎప్పటికీ ఒకే పార్టీ. ఎన్నికల విరాళం అడిగేది కూడా అదే పార్టీ. మరి ఆ వ్యాపారి ప్రతిపక్షానికి చందా ఎలా ఇస్తాడు? ఇస్తే అతని ఫైలు ఏ బల్ల కింద పడుతుందో? పత్రిక నడిపేవాడికి న్యూస్‌ప్రింట్ కోటా కావాలి, అది ఇచ్చేదీ ప్రభుత్వమే. రేడియో ఎలాగూ ప్రభుత్వానిదే. పార్టీలు తమ మాట రేడియోలో చెప్పుకోవటానికి అవకాశం 1977 ఎన్నికల దాకా రాలేదు. ఎవరినీ జైల్లో పెట్టలేదు, ఎవరి నోరూ నొక్కలేదు. అయినా ఒకడి చేతిలో మైకుంది, రెండోవాడు గొంతు చించుకోవాలి. పాలకులు మారే చోట ఇవే కంట్రోళ్ళు ఇంత హాని చెయ్యవు. ఇవాళ నిన్ను సతాయించిన అధికారి రేపటి మంత్రికి జవాబు చెప్పుకోవాలి గదా. మారని చోట ఆ భయం లేదు. పార్టీ ఎక్కడ ముగిసింది, ప్రభుత్వం ఎక్కడ మొదలైంది అనే గీత చెరిగిపోతుంది.

ఇక్కడ ఎదుటి వాదం కూడా నిజాయితీగా చెప్పాలి. రాజనీతి పండితుడు రజనీ కొఠారీ 1964లో కాంగ్రెసు వ్యవస్థ అనే భావాన్ని వివరించారు. కాంగ్రెసు ఒక పార్టీ కాదు, పెద్ద సత్రం. కుడివాళ్ళు, ఎడమవాళ్ళు, రైతులు, షావుకార్లు అందరూ దానిలోనే ఉన్నారు. వాళ్ళ కొట్లాటల్లోనే మార్పు జరుగుతుంది, బయటి చిన్న పార్టీలు ఒత్తిడి తెస్తాయి, అందువల్ల ఒకే పార్టీ గెలుస్తున్నా ప్రజాస్వామ్యం నడుస్తుంది. ఇది కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు. దేశవిభజన గాయాలు మానని రోజుల్లో ఆ సత్రమే దేశాన్ని నిలబెట్టింది. పైగా రాజాజీ జీవితమే దానికి సాక్ష్యం. ఆయన్ని ఎవరూ అరెస్టు చెయ్యలేదు. స్వరాజ్య వారం వారం వచ్చింది. ప్రధానిని ఎంతగా విమర్శించినా ఆ ప్రధాని పగబట్టలేదు. 1964లో నెహ్రూ పోయినప్పుడు, తనకన్నా పదకొండేళ్ళు చిన్నవాడైన ఆ మిత్రుణ్ణి తలుచుకుని రాజాజీ ఎంతో బాధపడ్డారు. ఏకపార్టీ పాలనలో స్వేచ్ఛ బతకదని ఎవరైనా గుడ్డిగా అంటే, 1959 నుంచి 1967 దాకా రాజాజీ బతికిన బతుకు చూపిస్తే చాలు.

అయితే రెండు సంగతులు. సత్రంలోపలి కొట్లాట సత్రంలోనే తేలుతుంది. తలుపు బయట నిలబడ్డ పౌరుడికి అరుపులు వినపడతాయి గాని ఏమనుకుంటున్నారో తెలియదు. ముఖ్యమంత్రులు మారుతుంటారు, ఎందుకు మారారో ఓటరుకి చెప్పేవాడు ఉండడు. రెండోది ఇంకా పెద్దది. ఆ స్వేచ్ఛ నిలబడింది పాలకుడి సంస్కారం మీద. సంస్కారం వారసత్వంగా వస్తుందని పూచీ ఎక్కడుంది?

1962 ఎన్నికల్లో స్వతంత్ర పార్టీకి లోక్‌సభలో 18 స్థానాలొచ్చాయి. మన రాష్ట్ర శాసనసభలో 19. అదే ఏడు ఎనభై మూడేళ్ళ రాజాజీ అమెరికా వెళ్ళి, అణ్వస్త్ర పరీక్షలు మానమని కెనడీకి చెప్పి వచ్చారు. 1967లో లోక్‌సభలో 44 స్థానాలతో ప్రతిపక్షాల్లో స్వతంత్ర పార్టీయే మొదటిది. రంగాగారు శ్రీకాకుళం నుంచి గెలిచారు. మన శాసనసభలో 29 స్థానాలు వచ్చాయి. కాంగ్రెసు బలం కేంద్రంలో 520కి 283కి దిగిపోయింది. ఉత్తరాన, దక్షిణాన చాలా రాష్ట్రాలు దాని చేతిలోనుంచి జారాయి.

అన్నిటికన్నా పెద్ద వింత మద్రాసులో జరిగింది. అక్కడ కాంగ్రెసుని ఓడించటానికి రాజాజీ చేతులు కలిపింది ఎవరితో? డి.ఎం.కె.తో. 1938లో ఆయన జైలుకి పంపిన ఆ హిందీ వ్యతిరేక ఉద్యమంలోనుంచి పుట్టుకొచ్చిన పార్టీతో. కులవిద్య అని ఆయన్ని దించేదాకా నిద్రపోనివాళ్ళతో. ఆ మనిషే ఇప్పుడు హిందీ నిర్బంధం కూడదంటున్నాడు. అవకాశవాదమని విమర్శించినవాళ్ళున్నారు. కావచ్చు. కాని పాలకుడిగా ఉన్నప్పుడు చెవికెక్కని మాట ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఎక్కిందని నేననుకుంటాను. అణ్ణాదురై ముఖ్యమంత్రి అయ్యారు. కామరాజ్ అంతటివాడు సొంత ఊరు విరుదునగర్‌లో ఒక విద్యార్థి నాయకుడి చేతిలో ఓడిపోయాడు. పి. శ్రీనివాసన్ అని, హిందీ వ్యతిరేక ఉద్యమం నుంచి వచ్చిన కుర్రవాడు. కామరాజ్ తమిళదేశానికి చేసిన మేలు ఇంతా అంతా కాదు. పల్లెపల్లెకీ బడి పెట్టించి, మధ్యాహ్నం అన్నం పెట్టించిన మనిషి. ఆ ఓటమి న్యాయమా అంటే నేను చెప్పలేను. కాని అంత పెద్దమనిషిని ఒక కుర్రవాడు చీటీముక్కతో దించగలిగాడు, దిగిన పెద్దమనిషి ఓటమిని ఒప్పుకుని ఇంటికి వెళ్ళాడు. రాజకీయ స్వేచ్ఛ అంటే ఏమిటో నిర్వచనం రాయమంటే నేను ఆ ఎన్నిక పేరు రాస్తాను.

చివరి రోజులు సుఖంగా గడవలేదు. డి.ఎం.కె.కి ఒంటరిగానే మెజారిటీ రావటంతో రాజాజీ సలహాతో పనిలేకపోయింది. ఆయన ప్రాణం పెట్టి తెచ్చిన మద్యనిషేధాన్ని 1971లో ఎత్తేశారు. వద్దని బతిమాలటానికి ఆ వయసులో ముఖ్యమంత్రి ఇంటికి తానే వెళ్ళారు. ఫలితం లేదు. 1971 ఎన్నికల్లో పాత ప్రత్యర్థి కామరాజ్‌తో చేతులు కలిపారు, ఆ కూటమి ఓడింది. లోక్‌సభలో స్వతంత్ర పార్టీ 44 నుంచి 8కి పడిపోయింది. కంపెనీలు పార్టీలకి విరాళాలివ్వకూడదని 1969లోనే చట్టం వచ్చింది. పాలించే పార్టీకి దారులు వేరే ఉంటాయి, దెబ్బ తగిలింది ప్రతిపక్షానికే. 1972 డిసెంబరు 25న, తొంభై నాలుగేళ్ళు నిండాక, మద్రాసులో రాజాజీ కన్నుమూశారు. 1974లో ఆయన పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. ఓడిపోయిన మనిషి కథలా ఉంది గదా?

మూడేళ్ళు తిరక్కుండానే 1975 జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చింది. ప్రతిపక్ష నాయకులు జైళ్ళకి వెళ్ళారు, పత్రికల మీద సెన్సారు కూర్చుంది. అప్పటికి కేంద్రంలో ఒకే పార్టీ పాలన మొదలై ఇరవై ఎనిమిదేళ్ళు. సంస్కారం మీద నిలబడ్డ స్వేచ్ఛ ఒక్క రాత్రిలో పోయింది. వెల్లూరు జైలు డైరీ గుర్తుంచుకోమన్నది ఇందుకే. అయితే అంతా పోలేదు. మసానీ తన చిన్న మాసపత్రిక ఫ్రీడమ్ ఫస్ట్ కోసం సెన్సారు మీద బొంబాయి హైకోర్టుకి వెళ్ళి 1976లో గెలిచాడు. 1977 మార్చిలో ఓటర్లు ఆ ప్రభుత్వాన్ని దించారు. మన రాష్ట్రంలో 1956 నుంచి సాగిన కాంగ్రెసు పాలనకి 1983 జనవరిలో, పుట్టి ఏడాది నిండని తెలుగుదేశం స్వస్తి చెప్పింది. వరుసగా ఇరవై ఆరేళ్ళు గెలిచిన పార్టీ ఓడిన మర్నాడు ఫైళ్ళు అప్పగించి బయటికి నడిచింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ఎక్కువకాలం పాలించటమే నేరమా? స్వీడన్‌లో సోషల్ డెమొక్రాట్లు 1932 నుంచి 1976 దాకా దాదాపు విరామం లేకుండా పాలించారు, అక్కడ స్వేచ్ఛకి లోటు రాలేదు. ఓడిన రోజున మారుమాట లేకుండా దిగిపోయారు. పశ్చిమ బెంగాల్‌లో వామపక్షం 1977 నుంచి 2011 దాకా 34 ఏళ్ళు ఉంది, ఓడి దిగింది. మెక్సికోలో 1929లో పుట్టిన పార్టీ 2000 దాకా అధ్యక్షపదవి వదల్లేదు. అక్కడా ఎన్నికలు క్రమం తప్పకుండా జరిగాయి, కాని చాలాకాలం అవి ఫలితం ముందే తెలిసిన ఎన్నికలు. సోవియట్ దేశంలో రెండో పార్టీ పెట్టటమే కుదిరేది కాదు. కనుక సంవత్సరాలు లెక్కపెట్టి తీర్పు చెప్పలేం.

నేను చూసే కొలబద్ద వేరు. గెలిచినవాణ్ణి చూస్తే ఏమీ తెలియదు, ఓడినవాణ్ణి చూడాలి. ఓడినవాడు మర్నాడు తన ఊళ్ళో తన పని తాను చేసుకోగలుగుతున్నాడా? అతని అన్నకి ఉద్యోగం, అతని మిల్లుకి కరెంటు, అతని పత్రికకి కాగితం మామూలుగానే దొరుకుతున్నాయా? అతనికి చందా ఇచ్చినవాడు నిద్రపోగలుగుతున్నాడా? మళ్ళీ నిలబడితే గెలిచే అవకాశం ఉందా? వీటికి అవును అని చెప్పగలిగితే యాభై ఏళ్ళ పాలన కూడా స్వేచ్ఛకి శత్రువు కాదు. కాదు అనవలసి వస్తే అయిదేళ్ళ పాలన చాలు కొంప ముంచటానికి. అయితే ఇంతకాలం పాఠం చెప్పిన అనుభవంతో ఒక మాట కలుపుతాను. పాలన పొడుగయ్యేకొద్దీ ఈ ప్రశ్నలకి అవును అనటం కష్టమవుతూ ఉంటుంది. ఇనుము తుప్పు పట్టటానికి ఎవరి దుర్బుద్ధీ అక్కర్లేదు, వాడకుండా ఉంచితే చాలు. పాలకులని మార్చే హక్కు కూడా అంతే.

విద్యార్థి మిత్రులారా! ఇదంతా ఢిల్లీ సంగతి, మద్రాసు సంగతి అనుకోకండి. మీ యూనియన్ ఎన్నికల్లో ఒకే ప్యానెల్ వరసగా నాలుగేళ్ళు గెలిస్తే తప్పేమీ లేదు. కాని ఓడిన ప్యానెల్ వాళ్ళకి నోటీసు బోర్డు తాళం దొరక్కపోతే, జమాఖర్చుల పుస్తకం చూపించమని అడిగినవాణ్ణి హాస్టల్లో వెలివేస్తే, అప్పుడు నాలుగేళ్ళు ఎక్కువే. గెలిచినవాళ్ళు ఈ పని చూసుకోరు, వాళ్ళకి తీరిక ఉండదు. ఓడినవాళ్ళే చూసుకోవాలి. ఓడటానికి సిగ్గుపడకుండా, మళ్ళీ నిలబడటానికి విసుగుపడకుండా.

ఎనభై దాటిన ముసలాయన, గవర్నర్ జనరల్ పదవి అనుభవించినవాడు, ఇంక కావలసింది ఏమీ లేనివాడు, ఎందుకు పల్లెలు పట్టుకు తిరిగాడు? పెట్టిన పార్టీ పదిహేనేళ్ళకే ముగిసిపోయింది. చెప్పిన ఆర్థిక విధానాలు ఆయన బతికుండగా ఎవరూ వినలేదు. అయినా ఆయన ఒక సంగతి రుజువు చేసి వెళ్ళాడు. ఈ దేశంలో అధికారంలో ఉన్న మహావృక్షం పక్కన మరో మొక్క నాటవచ్చు, నీళ్ళు పోయవచ్చు, అది ఎండిపోతే ఇంకొకటి నాటవచ్చు. 1977లో, 1983లో కాసిన కాయలు ఆయన నాటిన చెట్టువి కాకపోవచ్చు. నాటే అలవాటు మాత్రం ఆయనలాంటివాళ్ళు నేర్పినదే.